పైరేట్స్ మనకి పడ్డ బాకీ

చిట్టితల్లీ,

ఆదివారం ఫోన్లో నువ్వు "ఇంక జట్టు మార్చెయ్ నాన్నా, డాడ్జర్స్ వైపు వచ్చెయ్" అన్నావు. నవ్వేసి ఊరుకున్నాను. లాస్ ఏంజిలిస్ వెళ్ళావో లేదో, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ వల్ల నీకు వరుసగా రెండు వరల్డ్ సిరీస్‌లు, అంటే బేస్‌బాల్ కప్పులు, దక్కాయి, 2024లో, 2025లో. నేను పిట్స్‌బర్గ్ వచ్చి ముప్పై మూడేళ్ళయింది, ఒక్కటీ చూడలేదు. మన ఊరి జట్టు పైరేట్స్ ఆఖరుసారి గెలిచింది 1979లో. అప్పటికి నేను తెనాలిలో నాలుగో క్లాసు. ఫోన్ పెట్టేశాక మీ అమ్మ "పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?" అంది. తప్పేం లేదు. అయినా ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను.

నేను ఈ ఊరొచ్చింది 1992 ఆగస్టులో. నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అక్టోబరు 14 రాత్రి అట్లాంటాతో ఏడో మ్యాచ్. గెలిస్తే వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మనవాళ్ళు 2-0తో ముందున్నారు. ఆట నాకు సగం కూడా అర్థం కావట్లేదు. చివరికి సిడ్ బ్రీమ్ అనే అతను, అంతకుముందు మన జట్టులోనే ఆడినవాడు, పాడైపోయిన మోకాళ్ళతో ఈడ్చుకుంటూ పరిగెత్తి, పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ మీదికి జారాడు. 3-2తో అట్లాంటా గెలిచింది, అయిపోయింది. పక్కింటి పెద్దాయన బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆటకి ఇంత ఏడుపేంటి అనుకున్నాను.

ఆ చలికాలమే మన స్టార్ ఆటగాడు బారీ బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకి వెళ్ళిపోయాడు. 1993 నుంచి 2012 దాకా ఇరవై సీజన్లు, ఒక్క ఏడాది కూడా గెలుపులు ఓటములను దాటలేదు. అమెరికా పెద్ద లీగుల్లో ఏ జట్టుకీ ఇంత పొడుగు వరస లేదు. నువ్వు పుట్టి, పాలపళ్ళు ఊడి, డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నావు, వాళ్ళు ఓడుతూనే ఉన్నారు. ఆదివారం పెన్ హిల్స్ గుడిలో దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర పొట్లం కట్టించుకుని నేరుగా స్టేడియానికి పోయేవాళ్ళం, గుర్తుందా? నీకు మ్యాచ్ కంటే మధ్యలో పిరోగీ (కజ్జికాయలాంటి పోలండ్ వంటకం) వేషాలు వేసుకున్నవాళ్ళ పరుగుపందెమే ఇష్టం. నిజం చెప్పాలంటే చాలాసార్లు అందులోనే పోటీ ఎక్కువ ఉండేది.

"చిన్న ఊరు నాన్నా, వాళ్ళ దగ్గర డబ్బేది" అంటావు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. 1997లో కొత్త స్టేడియాల కోసం పన్ను పెంచుతామని ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. అయినా పెద్దలు వేరే దారి వెతికి, అప్పటికే వసూలవుతున్న అమ్మకపు పన్నులోంచి డబ్బు తీశారు. మీ అమ్మ కొన్న కుక్కర్ మీద కట్టిన పైసల్లో కొంత కూడా పైరేట్స్ కొత్త స్టేడియం పీఎన్‌సీ పార్కులో ఉందన్నమాట. 2001లో అది తెరిచారు. నది, పసుపు వంతెన, వెనక ఊరు, అంత అందమైన గ్రౌండ్ ఇంకోటి లేదనే నేనంటాను. ఆ మొదటి ఏడాదే 100 మ్యాచ్‌లు ఓడారు. 2010లో జట్టు లెక్కల కాగితాలు బయటపడ్డాయి: 2007, 2008 రెండేళ్ళకి కలిపి దాదాపు 2.9 కోట్ల డాలర్ల లాభం. ధనిక జట్ల ఆదాయంలోంచి పేద జట్లకి వచ్చే వాటా కూడా అందులో ఉంది. కుర్రాళ్ళని తయారుచెయ్యడానికి ఖర్చుపెడుతున్నామని వాళ్ళు అన్నారు. అందులో కొంత నిజమే. కానీ ఆ 2010లోనే 105 ఓడారు.

నాకు వాళ్ళు కప్పు బాకీ లేరమ్మా. ఆటన్నాక ఎవరో ఒకరు ఓడాలి. కానీ మన డబ్బుతో కట్టిన ఇంట్లో ఉంటూ, గెలవాలన్న ఆత్రం మనకే ఉండి వాళ్ళకి లేకపోతే, దాన్ని ఏమనాలి? మన పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్‌నే చూడు. 2025లో నేషనల్ లీగ్‌లో బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, ప్రత్యర్థులు అతని మీద తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా తియ్యలేకపోయారు. అతని ఖాతాలో గెలుపులు 10, ఓటములు 10! బ్యాటింగ్ చేసేవాళ్ళని తెచ్చి ఉంటే ఆ లెక్క అలా ఉండేదా?

అదే ఏడాది స్టేడియం కుడి గోడ మీదున్న, పైరేట్స్ పాత ఆటగాడు రాబర్టో క్లెమెంటే 21 నంబరు గుర్తు తీసి ప్రకటన అతికించారు. నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయిన మనిషి. ఆ గోడ 21 అడుగులు కట్టిందే ఆయన కోసం. కుటుంబం బాధపడ్డాక క్షమాపణ చెప్పి మళ్ళీ పెట్టారు. ఇక అభిమానులు డబ్బు కట్టి పేర్లు చెక్కించుకున్న ఇటుకలు రీసైక్లింగ్ యార్డులో కుప్పగా పడి ఉన్న ఫొటోలు నువ్వే నాకు పంపావు. ఓటములన్నీ ఒక ఎత్తు, ఆ ఇటుకలు ఒక ఎత్తు.

మరి ఎందుకు వదలవంటావు. 2013 అక్టోబరు 1, సిన్సినాటితో ప్లేఆఫ్ మ్యాచ్, నీకూ గుర్తే. కాలేజీ ఎగ్గొట్టి వచ్చావు. స్టేడియం మొత్తం నల్ల చొక్కాలు, సిన్సినాటి పిచర్ పేరు పట్టుకుని "క్వే...టో" అని ఒకటే అరుపు. అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. ఆ తర్వాతి బంతికే మన రసెల్ మార్టిన్ హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. పక్క సీటులో ఎవరో ముసలాయన, పేరు కూడా తెలియదు, నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, నువ్వు నవ్వావు. పక్కింటి పెద్దాయన ఎందుకు ఏడ్చాడో అర్థం కావడానికి నాకు ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది.

హైదరాబాద్‌లో మీ బాబాయి డెక్కన్ చార్జర్స్ అభిమాని. 2009లో కప్పు కొట్టింది, 2012లో అసలు జట్టే లేకుండా పోయింది. మన బాకీదారు కనీసం ఊళ్ళోనే ఉన్నాడు, రోజూ వెళ్ళి అడగొచ్చు.

మీ అమ్మ గోంగూర పచ్చడి, కారప్పొడి పంపుతోంది. అదే డబ్బాలో నీ పాత నల్ల టోపీ కూడా పెట్టాను. డాడ్జర్స్ గ్రౌండ్‌కి పెట్టుకెళ్తే ఒక ఫొటో పంపు.

నాన్న