జాగ్రత్తలన్నీ కొనేవాళ్లకేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్‌లో పాత వస్తువులు కొనేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి పోయిన వారం మీరు వేసిన కథనం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. అందులో అధికారులు చెప్పిన ప్రతి మాటా కొనేవాళ్లకే. కొనేవాళ్లు చూసుకోవాలి, కొనేవాళ్లు ఆశపడకూడదు, కొనేవాళ్లు ముందే డబ్బు పంపకూడదు. అమ్మేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ ప్రకటనలకు చోటిచ్చి, వాటి పక్కన యాడ్లు పెట్టుకుని సంపాదించుకునే సైట్ల ఊసే లేదు.

నా సంగతి చెబుతాను. మా అమ్మాయి చదువుకు ఫోన్ కావాల్సి వచ్చి ఒక సైట్‌లో వాడిన ఫోన్ చూశాం. ధర మరీ తక్కువేం కాదు, అందుకే అనుమానం రాలేదు. నలుగురు తిరిగే చోటే, పట్టపగలే కలిశాం. స్క్రీన్ చూశాం, కెమెరా చూశాం, సిమ్ వేసి మాట్లాడాం, ఛార్జింగ్ ఎక్కుతోందో లేదో కూడా చూశాం. మీ కథనంలో చెప్పిన జాగ్రత్తలన్నీ మేం తీసుకున్నాం. డబ్బిచ్చి ఇంటికొచ్చాం. రాత్రి మా అమ్మాయి పాత డేటా పోవాలని రీసెట్ కొట్టింది. ఫోన్ మళ్లీ ఆన్ అయ్యాక తెల్లటి స్క్రీన్ వచ్చింది. దాని మీద ఎవరిదో మెయిల్ ఐడీ: మొదట ఒక అక్షరం, తర్వాత వరుసగా చుక్కలు. కింద పాస్‌వర్డ్ కొట్టమని ఒక గడి. ఇక అక్కడి నుంచి ఫోన్ కదల్లేదు.

అమ్మినతనికి కాల్ చేస్తే స్విచాఫ్. సైట్‌లో మెసేజ్ పెడదామంటే ఆ అకౌంటే లేదు. సైట్‌కు ఫిర్యాదు పెడితే రెండు రోజులకు జవాబొచ్చింది: ప్రకటన తీసేశారు కాబట్టి ఏమీ చేయలేమట. మనిషి రాసిన జవాబు కూడా కాదది. స్టేషన్‌కు వెళ్తే కాగితం రాసుకునే ఆయన తలైనా ఎత్తకుండా "బిల్లు లేకుండా ఎందుకు కొన్నారు?" అన్నాడు, మా అమ్మాయి ముందే. దారిలో ఆ పిల్ల "నేను రీసెట్ కొట్టకపోతే బాగుండేది కదా" అని ఏడ్చింది. తప్పు ఎవరిది, ఏడ్చింది ఎవరు?

నిజంగా పనికొచ్చే మాట ఆ కథనంలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను. రీసెట్ చేశాక పాత యజమాని పాస్‌వర్డ్ అడిగే ఆ తాళం, కొట్టేసిన ఫోన్ దొంగలకు పనికిరాకుండా కంపెనీలు పెట్టినదే, మంచిదే. కానీ పాత యజమాని తన అకౌంట్ నుంచి బయటికి రాకుండా అమ్మితే కొన్నవాళ్లకు మిగిలేది ఇటుకే. అందుకని డబ్బిచ్చే ముందే అమ్మేవాళ్ల చేతే అకౌంట్ తీయించి, మీ ఎదుటే రీసెట్ చేయించండి. కొత్త ఫోన్‌లో వచ్చినట్టు మొదటి స్క్రీన్ వచ్చి, పాస్‌వర్డ్ అడగకుండా ముందుకు వెళ్లేదాకా ఆగండి. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, వస్తుంది. అది డబ్బా మీద నంబర్‌తో కలుస్తుందో లేదో చూడండి. అయిదు నిమిషాల పని. "టైమ్ లేదు, అవతల ఇంకొకరు అడుగుతున్నారు" అని తొందరపెడితే వదిలేసి వచ్చేయండి.

ఈ అయిదు నిమిషాల పని ఫోన్ ప్రకటన వేసే ప్రతివాళ్ల చేతా ముందే చేయించడానికి సైట్లకు ఏం అడ్డం? నిన్న పుట్టిన అకౌంట్ ఏదో వాళ్లకు తెలుసు. ఒకే ఫొటో పది పేర్లతో తిరుగుతుంటే పట్టుకునే యంత్రాంగం వాళ్ల దగ్గరుంది. కొన్నవాళ్లు సరుకు చూసుకుని సరే అనేదాకా డబ్బు మధ్యలో ఆపి ఉంచే పద్ధతి కొన్ని సైట్లలో ఎప్పటినుంచో నడుస్తోంది. మిగతావాళ్లు ఎందుకు పెట్టరో అధికారులు ఏనాడైనా అడిగారా?

ఇదేమీ కొత్త సమస్య కాదు. పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే రాశారు. మంచి బండేదో చెడ్డ బండేదో తెలియనప్పుడు కొనేవాళ్లు మంచిదానికి తగ్గ ధర ఇవ్వరు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాళ్లు అమ్మరు. చివరికి బజారులో చెత్తే మిగులుతుంది. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడీ సైట్లు తిరగేస్తే జరుగుతున్నది అదే. మా పక్కింటివాళ్లు బంగారంలాంటి కుట్టుమిషన్ అమ్మకానికి పెట్టి, "ఉందా?" అని అడిగి మాయమయ్యేవాళ్లతో, ఒప్పుకున్న ధరను గుమ్మం దగ్గరకొచ్చి సగానికి కోసేవాళ్లతో విసిగిపోయి ప్రకటన తీసేశారు. అవును, కొనేవాళ్లలోనూ ఉన్నారు ఇలాంటివాళ్లు, నేను కాదనను.

ఈ వ్యాపారం మొదలైన తీరు చూడండి. 1995లో పియర్ ఒమిడ్యార్ అనే ఆయన పెట్టిన సైటే తర్వాత ఈబే అనే పెద్ద అమ్మకాల సైట్ అయింది. అందులో మొట్టమొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. పాడైందని ముందే చెప్పి అమ్మారు. కొన్నతను తెలిసే కొన్నాడు. మరుసటి ఏడాదే ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటూ వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూసినా "కొత్తదానిలా ఉంది" అన్న ఒకే మాట. విరిగిన మూలను ఫొటోలో రాకుండా తిప్పి తీస్తారు. అబద్ధమాడటానికి సిగ్గుపడే రోజులు పోయాయి.

వాడిన వస్తువు కొనడం నాకు చిన్నతనం కాదు, మా ఇంట్లో సగం సామాను అలా వచ్చిందే. 2022లో ప్రపంచమంతా కలిసి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేస్తే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది అందులో నాలుగో వంతు కూడా లేదని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. ఇలాంటప్పుడు పాత ఫోన్ ఇంకో చేతికి వెళ్లడం ఎంత అవసరం! మా ఫోన్ మాత్రం బీరువాలో పడి ఉంది. బ్యాటరీ బాగుంది, స్క్రీన్ మీద గీత లేదు, కానీ ఎవరికీ పనికిరాదు.

మోసం చేసిన అకౌంట్ వివరాలను ఫిర్యాదు అందిన ఎన్ని రోజుల్లో సైట్ పోలీసులకు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమవుతుంది? మీ కథనంలో మాట్లాడిన అధికారులనే ఈ ప్రశ్న అడిగి, వాళ్ల జవాబు అదే పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు