మా అమ్మాయి కట్టిన చార్మినార్ పోయింది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఫోన్ రిపేరుకిచ్చే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలంటూ ఒక బాక్సు కట్టి వేశారు. ఫోటోలు దాచుకోండి, కాంటాక్టులు దాచుకోండి, వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి, బ్యాంకు యాప్‌ల నుంచి బయటికి రండి అని. అన్నీ పనికొచ్చే మాటలే. కత్తిరించి మా షాపు గోడకి అంటించాను కూడా. కానీ అందులో పిల్లల ఆటల గురించి ఒక్క వరుస తక్కువైంది. దాని గురించే ఈ ఉత్తరం.

చైతన్యపురిలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. అంతకుముందు, 2004 నుంచి ఆరేళ్లపాటు, దిల్‌సుఖ్‌నగర్‌లో పన్నెండు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపాను. అంటే ఈ ఆటల సంగతి నాకు కొత్తేమీ కాదు. అయినా మా ఇంట్లోనే జరిగింది.

మా అమ్మాయి ఆరో తరగతి. నా పాత ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంది. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: దిమ్మ మీద దిమ్మ పేర్చి మనకి కావలసింది కట్టుకునే ఆట. నాలుగు నెలలపాటు అందులో చార్మినార్ కట్టింది. ఇసుకరాయి రంగు దిమ్మలు, పైన మసీదు, నాలుగు వైపులా నాలుగు గడియారాలు. కమాను వంపు కుదరడం లేదని ఒక ఆదివారం నన్ను పాతబస్తీ దాకా లాక్కెళ్లి, ఎండలో నిలబడి, ఎన్ని రాళ్ల దగ్గర వంపు మొదలవుతుందో వేళ్లతో లెక్కపెట్టుకుంది. అప్పటికి మూడు మినార్లు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఉంది.

ఫోన్ హ్యాంగవుతోందని పక్క వీధిలో రిపేరు షాపులో ఇచ్చాను. సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి చేతిలో పెట్టాడు. "ఫోటోలు, వాట్సాప్ అన్నీ తీసి పెట్టిన అన్నా, ఏం పోలే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతని లెక్కలో ఏమీ పోలేదు.

ఇంటికి తెచ్చి ఇస్తే మా అమ్మాయి ఆట మళ్లీ ఎక్కించుకుంది. తన అకౌంట్‌తో లాగిన్ అయింది. పేరు వచ్చింది, బొమ్మ వేసుకున్న డ్రస్సు కూడా వచ్చింది. కట్టుకున్నవి ఉండే వరల్డ్స్ అన్న చోట మాత్రం ఖాళీ.

"లాగిన్ అయ్యాను కదా నాన్నా. మరి చార్మినార్ ఏది?"

నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకోవడాన్ని సేవ్ అంటారు. అంటే ఆట మొత్తాన్ని వీడియో తీసి పెట్టడం అనుకుంటారు చాలామంది. కాదు. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం లాంటిది. సరుకు పుస్తకంలో ఉండదు, ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత బాకీ అన్నదే ఉంటుంది. మా నెట్ సెంటర్ రోజుల్లో పిల్లలంతా వైస్ సిటీ అని, ఒక ఊళ్లో కార్లలో తిరుగుతూ మిషన్లు, అంటే అప్పజెప్పిన పనులు, పూర్తిచేసే ఆట ఆడేవాళ్లు. అందులో ఇంటికెళ్లి, గుండ్రంగా తిరుగుతుండే క్యాసెట్ బొమ్మ మీద నిలబడితేనే సేవ్. ఆ ఫైలు 200 కేబీ దాటినా దాటనట్టే ఉండేది, ఫ్లాపీలో కూడా పట్టేది. ఊరంతా అంతలో ఎలా ఇమిడింది? ఇమడలేదు. ఊరు ఆటలోనే ఉంది. డబ్బు ఎంతుంది, ఏ మిషన్లు అయ్యాయి, చేతిలో ఏ తుపాకులున్నాయి, అంతే ఫైల్లో. వీధిలో వదిలేసిన కారు మళ్లీ లోడ్ చేస్తే ఉండదు. గరాజ్‌లో పెట్టిన కారు ఉంటుంది. పుస్తకంలో రాసుకున్నది గరాజ్ కారునే మరి.

ఆ ఆటకి ఎనిమిదే స్లాట్లు, అంటే సేవ్ చేసుకునే గళ్లు. ఒక్కో కంప్యూటర్ మీద రోజుకి పాతికమంది కూర్చునేవాళ్లు. స్లాట్‌కి మన పేరు పెట్టుకునే వీలు లేదు, చివరిగా పూర్తయిన మిషన్ పేరు, తేదీ, టైము పడతాయంతే. బొమ్మ హెలికాప్టర్‌తో బాంబులు మోసే మిషన్ ఒకటుంది, ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు. కోచింగ్‌కొచ్చిన నల్గొండ కుర్రాడొకడు వారం రోజులు, గంటకి పదిహేను రూపాయలు పోసి, అది దాటాడు. మూడో స్లాట్‌లో సేవ్ కొట్టాడు. మర్నాడొచ్చి చూస్తే అక్కడ ఇంకెవరిదో మొదటి మిషన్. "అన్నా, నా సేవ్ మీద ఎవడో సేవ్ కొట్టిండు!" అని వాడు అరిచిన అరుపుకి ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఒకదాని మీద ఇంకోటి రాసేశాక పాతది తిరిగి రాదు. ఆ రోజు నుంచి గల్లా పెట్టె పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. ఏ సిస్టమ్, ఏ స్లాట్, ఎవరిది. కరెంటు బిల్లులకి కూడా అంత పద్ధతిగా లెక్క రాసినట్టు గుర్తులేదు.

మా చిన్నప్పుడైతే ఆ ఎనిమిది స్లాట్లు కూడా లేవు. 1993లో కోఠి గుజరాతీ గల్లీలో నాన్న కొనిచ్చిన టీవీ గేమ్‌లో సేవ్ అన్న మాటే లేదు. అమెరికాలో 1987లోనే జెల్డా అనే ఆట కేసెట్‌లో నాణెంలాంటి బ్యాటరీ బిళ్ళ పెట్టి అమ్మారు. కరెంటు తీసినా ఆ బిళ్ళ ఆటని గుర్తుపెట్టుకునేది. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద టైము తప్పకుండా చూసే బిళ్ళ లాంటిదే. మేం విప్పి చూసిన కేసెట్లలో అలాంటిదేం కనబడలేదు. మారియోలో ఎనిమిదో వరల్డ్ దాకా వెళ్లిన రోజు అన్నం తిని మళ్లీ ఆడదామని పాజ్ చేసి, టీవీ ఒక్కటే ఆపి, గేమ్ ఆన్‌లోనే ఉంచి పైన తువ్వాలు కప్పాను. అడాప్టర్ పెనంలా కాలేది. తువ్వాలు కింద ఎర్ర లైటు చూసి అమ్మ స్విచ్ తీసేసింది. "రాత్రంతా కాలవెడ్తవా, బిల్లు ఎవరు కట్టాలె?" అని పైగా నాకే తిట్లు. ఆట అయిపోయాక 'A' అన్న బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే అదే వరల్డ్ మొదటి నుంచి ఆడుకోవచ్చని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది కూడా కరెంటు ఉన్నంతసేపే. వేసవి కోతల్లో మాకు అది తెలిసినా ఒరిగేదేం లేదు లెండి.

కానీ మారియో పోయినా, వైస్ సిటీ పోయినా, పోయింది మన శ్రమ. ఊరు, కోట అన్నీ ఆటలో అలాగే ఉంటాయి, మళ్లీ ఆడితే మళ్లీ వస్తాయి. మా అమ్మాయి విషయంలో తేడా అక్కడే ఉంది. ఆ చార్మినార్ ఆట తయారుచేసినవాళ్లు పెట్టింది కాదు, మా అమ్మాయి పేర్చింది. సేవ్ ఫైల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ ఫైలు ఉండేది ఆ ఫోన్‌లోనే. లాగిన్ అయితే పేరు, కొనుక్కున్నవి వస్తాయి గానీ ఫోన్‌లో కట్టుకున్న వరల్డ్ దానంతటది అకౌంట్‌లోకి వెళ్లదు. గెస్ట్‌గా, అంటే అకౌంట్ లేకుండా, ఆడే ఆటల్లో గొడవ ఇంకో రకం: ఆడినదంతా కంపెనీ సర్వర్లో భద్రంగా ఉన్నా, అది మనదే అని నిరూపించుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఇది ఆట తప్పనీ అనను, రిపేరు కుర్రాడి తప్పనీ అనను. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఇంట్లో ఫోన్ ఎవరిదైనా, ఫార్మాట్ చేయించే ముందు అందులో ఆడుకునే పిల్లని పిలిచి "నీవేమైనా ఉన్నాయా అమ్మా" అని ఒక్క మాట అడగాలి. మైన్‌క్రాఫ్ట్‌లో అయితే వరల్డ్ పక్కన పెన్సిల్ గుర్తు నొక్కి కిందికి వెళ్తే ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. నొక్కితే వరల్డ్ మొత్తం ఒక్క ఫైలుగా బయటికొస్తుంది. కంప్యూటర్లోకి పంపుకోవచ్చు, ఇంకో ఫోన్‌లో తెరుచుకోవచ్చు. గెస్ట్‌గా ఆడే ఆటలకి ముందే ఒక అకౌంట్ కలిపి పెట్టాలి.

ఇంకొకటి, తల్లిదండ్రులకి. ఆపమంటే ఆపడం లేదని ప్లగ్గు పీకేవాళ్లున్నారు, మా అమ్మలాగే. తెర మూలన చిన్న గుర్తు తిరుగుతున్నప్పుడు ఆట ఖాతా రాసుకుంటోందని అర్థం. సగం రాశాక పెన్ను లాక్కుంటే ఆ పేజీ చెడిపోవచ్చు. జాగ్రత్తగా చేసిన ఆటలు కొత్త పేజీ పూర్తిగా రాశాకే పాతది చింపుతాయి, అన్నీ అలా చేయవు. సేవ్ కొట్టి లేవమని రెండు నిమిషాలు టైమివ్వండి. అదే సాకుగా అరగంట లాగితే మాత్రం నేనూ పీకేస్తాను.

మీ బాక్సు మళ్లీ వేసినప్పుడు వాట్సాప్ కింద 'పిల్లల ఆటలు' అని ఒక వరుస చేర్చండి. రిపేరు షాపులవాళ్లు కూడా మీ పేపరు చదువుతారు. పక్క వీధి కుర్రాడికి నేనే చెప్పాను, తన కౌంటర్ మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకున్నాడు.

పదిహేను రోజులు ఆ ఫోన్ ముట్టుకోని మా అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది. శనివారం శనివారం షాపుకొచ్చి కేబుల్ పెట్టి ఫైలు నా కంప్యూటర్లో వేసుకుంటుంది, డి డ్రైవ్‌లో, పాన్ కార్డుల ఫోల్డర్ పక్కన. పాతదాని మీద కొత్తది వేయనివ్వదు, ప్రతిదానికీ తేదీ పెడుతుంది. నిన్నటికి రెండు మినార్లు లేచాయి. గడియారాలు ఇంకా పెట్టలేదు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
చైతన్యపురి, హైదరాబాద్