ఆ గడి ఖాళీగా ఉండనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫలానా ఆస్పత్రిలో ఒక్క రోజులో ఇన్ని కాన్పులు చేశారని జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి. పక్కన ఫొటోలో డాక్టరు గారు, సిస్టర్లు, వరసగా పడుకోబెట్టిన పసిపిల్లలు. అలాంటి ఫొటోలో నేనూ ఒకసారి నిలబడ్డాను. సంతోషించాల్సిన వార్తే. కాకపోతే అది చదివినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం: ఆ రాత్రి బాలింతల వార్డులో డ్యూటీ ఎవరిది?

నేను 1984లో స్టాఫ్ నర్సుగా చేరి 2019లో హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా కాన్పుల వార్డులోనే గడిచింది. ఇక ఆ గొడవ మర్చిపోయాననుకుంటుండగా మా అమ్మాయి పురుడు వచ్చింది.

పోయిన శ్రావణంలో, ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో. పేరు రాయను, ఆ కథ ఒక్క ఊరిది కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల. పదకొండుకు గదికి మార్చారు. మా వియ్యపురాలు, అల్లుడు, అతని చెల్లెలు అందరూ ఉయ్యాల చుట్టూ చేరి ముక్కు ఎవరి పోలిక, చెవులు ఎవరి పోలిక అని మురిసిపోతున్నారు. నేనూ వాళ్లలోనే ఉన్నాను, అబద్ధం ఎందుకు.

ఒంటిగంట దాటాక అమ్మాయి "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయే, దాహంగా ఉంది" అంది. అప్పుడు పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి బొడ్డు దగ్గర కొబ్బరికాయలా గట్టిగా చేతికి తగలాలి. అది బొడ్డుకు పైన, కుడిపక్కకు జరిగి, నానిన పిండిలా మెత్తగా ఉంది. పక్కకు జరిగిందంటే మూత్రసంచి నిండిపోయి ఉంటుంది. అది నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోలేదు, ముడుచుకోకపోతే రక్తం ఆగదు. గుడ్డ చూస్తే పైకి పెద్దగా ఏం లేదు. నడుము కిందకి చెయ్యి పోనిస్తే అరచెయ్యి అంతా తడిసింది. వెల్లకిలా పడుకున్న బాలింతకు రక్తం వెనక్కి పారి పరుపులోకి ఇంకుతుంది, ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు కనపడదు.

బెడ్‌పాన్ పెట్టి మూత్రం పోయించి, గర్భసంచిని మర్దన చేస్తుంటే గడ్డలు గడ్డలుగా పడ్డాయి. అల్లుణ్ణి పరుగెత్తించాను. డ్యూటీ డాక్టరు వచ్చి సెలైన్‌లో ఆక్సిటోసిన్ (గర్భసంచి ముడుచుకునేలా చేసే మందు) కలిపి ఎక్కించారు. తెల్లారేసరికి తేరుకుంది.

పొద్దున కేస్ షీటు తీసి చదివాను, పాత అలవాటు. సిస్టరు బాలింతను వేళకు చూసి ఒక్కో గడిలో రాయాల్సిన కాగితం అది. 12 గంటలకు బీపీ 120/80, పల్స్ 80, గర్భసంచి గట్టిగా ఉంది. 1 గంటకూ అదే. 2 గంటలకూ అదే. ఆ 2 గంటలకు ఆ గర్భసంచి నా రెండు చేతుల మధ్య ఉంది!

అల్లుడు కంప్లయింట్ ఇస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఆ షీటు రాసిన నర్సు పిల్లకు ఇరవై మూడేళ్లుంటాయేమో. రెండు అంతస్తులకు ఆమె ఒక్కతే. కింద అప్పుడే సిజేరియన్ అయిన ఆవిడ ఒకటే వాంతులు. అసలు కారణం అది కూడా కాదు. ఆ 120/80 నాకు బాగా తెలిసిన అంకె. నేనూ రాశాను.

1993 చలికాలం. వేరే జిల్లాలో ప్రభుత్వాసుపత్రి. వార్డులో మంచాలు 20, బాలింతలు 34 మంది. కొన్ని మంచాల మీద ఇద్దరిద్దరు, మిగిలినవాళ్లు చాపల మీద. నైట్ డ్యూటీకి నేనూ ఒక ఆయమ్మ. లేబర్ రూములో ఎదురుకాళ్ల కాన్పు, రమ్మని పిలిస్తే వెళ్లి రెండు గంటలకు పైగా అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, ఒక్కరినీ ముట్టుకోకుండా 34 షీట్లూ నింపాను. అందరికీ ఒకటే రాస్తే అనుమానం వస్తుందని కొందరికి 110/70 వేశాను. నాలుగున్నరకు ఒక ముసలమ్మ వచ్చి "సిస్టరమ్మా, మా పిల్ల చేతులు చల్లబడిపోతన్నాయి" అంది. ఆ అమ్మాయి బతికింది. వాళ్లన్నయ్య ఒక సీసా రక్తం ఇచ్చాడు, ఆస్పత్రి ముందు టీ తాగుతున్న లారీ క్లీనరు ఒక సీసా ఇచ్చాడు. ఆమె షీటులో నాలుగు గంటల గడిలో నా చేతిరాత: 110/70. ఆ అంకె సంగతి ఎవరూ అడగలేదు.

ఎందుకు రాశానంటే, గడి ఖాళీగా ఉంటే సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుంది. తప్పుడు అంకె ఉంటే రాదు. నా సర్వీసులో ఖాళీ గడికి మెమో అందుకున్న సిస్టర్లు చాలామంది ఉన్నారు. నిండిన గడి చూపించి "నిజంగా చూశావా?" అని అడిగిన ఆఫీసరు ఒక్కరూ లేరు.

లెక్కలు బాగుపడలేదని నేను అనడం లేదు. 2018-20 లెక్కల ప్రకారం దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 97 మంది తల్లులు చనిపోతే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇందులో మా సిస్టర్ల కష్టం ఉంది, గర్వంగానే చెబుతాను. అయితే బతికింది కాబట్టి మా అమ్మాయి ఆ లెక్కలో కనపడదు, ఆ 1993 అమ్మాయీ కనపడదు. ఇంకో సంగతి. మా అమ్మ కాలంలో పురుడు పోసిన మంత్రసాని ఆ రాత్రి బాలింత పక్కనే కొంగు పరుచుకుని పడుకునేది. ఆమెకు తెలియనివి చాలా ఉండేవి, ప్రాణాలూ పోయేవి, కానీ ఆమె అక్కడ ఉండేది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96 మందికి పైగా ఆస్పత్రిలోనే కంటున్నారు. రక్తం ఎక్కువ పోయే ముప్పు ప్రధానంగా మొదటి 24 గంటల్లోనే. అంటే ఆ రాత్రి పూచీ అంతా మాదే. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. కడుపు కోసిన మనిషి ఆ రాత్రి తనంతట తాను లేచి బాత్రూముకు కూడా వెళ్లలేదు.

ఇంట్లో పెద్దవాళ్ల మాటలు వేరే. "మైల పోవాలి, చెడు రక్తం పోతేనే ఒళ్లు తేలికవుతుంది" అంటారు. మైల పోవడం నిజమే, కానీ ఎంత? అర లీటరు దాటితే ప్రమాదమని మా నర్సింగ్ పుస్తకం చెబుతుంది. పాత చీర మడతల్లో ఇంకిన రక్తం అర లీటరో కాదో కంటికి తెలియదు, ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని దాహానికీ అడ్డుపడతారు. మా అమ్మ నాకు బాలింత కాయం (బాలింతలకు పెట్టే దినుసుల లేహ్యం) ముద్దలు ముద్దలుగా పెట్టి, నీళ్లు మాత్రం చిన్న గ్లాసుతో కొలిచి పోసింది. (కాయం రుచి వేరు, ఇప్పుడు పెట్టినా తింటాను.)

కాన్పు కాగానే నడుము కింద పరిచి, పోయిన రక్తాన్ని గీతల మీద కొలిచే ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంది. మన పక్కనే, బెళగావి వైద్య కళాశాల వాళ్లకు దాని తయారీలో భాగం ఉంది. 2023లో ఆఫ్రికా దేశాల్లో జరిగిన పెద్ద పరిశీలనలో, అలా కొలిచి వెంటనే అన్ని చికిత్సలూ కలిపి చేసినచోట తీవ్ర రక్తస్రావం సగానికి పైగా తగ్గింది. అవి అన్ని లేబర్ రూములకూ రావాలి. వచ్చినా అది మొదటి గంట, రెండు గంటల పనే. వార్డుకు మార్చాక మళ్లీ చెయ్యే దిక్కు.

ఇంటికి పంపాక ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వస్తుంది. ఆమె ఫారంలో తల్లి రోజుకు ఎన్నిసార్లు తింటోంది, ఎన్ని గుడ్డలు మారుస్తోంది అనే ప్రశ్నలూ ఉన్నాయి. కానీ గుమ్మంలోకి రాగానే అందరూ బిడ్డను తూకం వేయమనే తొందరపెడతారు. మూడో రోజో, ఐదో రోజో బాలింత తలనొప్పి, కళ్లు మసకలు అంటే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు. కాన్పయ్యాక కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చని ఎంతమందికి తెలుసు?

అధికారులను కోరేది ఎక్కువేం లేదు. రాత్రిపూట బాలింతల వార్డుకు ఒక సిస్టరును వేయండి, ఆమెను లేబర్ రూముకు పిలవకండి. కాన్పయి 24 గంటలు కానివాళ్ల మంచాలను ఆమె బల్లకు దగ్గరగా ఒక పక్కకు చేర్చండి. తోడున్న తల్లికో అత్తకో గర్భసంచి ఎక్కడ, ఎంత గట్టిగా ఉండాలో చెయ్యి పట్టి చూపించండి. అయిదు నిమిషాల పని, నా ఆఖరి పదేళ్లలో నేను చేయించాను. నాలుగు గంటలకు చూడలేకపోతే "చూడలేదు, లేబర్ రూములో ఉన్నాను" అని రాసుకోనివ్వండి. దానికి మెమో ఇవ్వకండి. అలాంటి ఖాళీలు నెలకు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఏ ఆస్పత్రికి ఎంతమంది నర్సులు తక్కువో వేరే కమిటీ వేయకుండానే తెలిసిపోతుంది.

మీ విలేకరికి ఒక మనవి. ఈసారి రికార్డు కాన్పుల వార్తకు వెళ్లినప్పుడు, ఫొటో తీశాక పక్క వార్డులోకి వెళ్లి రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో అడిగి, ఆ అంకె కూడా వేయమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డు హెడ్ నర్సు
పశ్చిమ గోదావరి జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)