మా మెస్‌లో మిగిలిన నూనె ఎక్కడికి పోవాలి? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది అనంతపురం. మారతహళ్లిలో పన్నెండేళ్లుగా ఆంధ్రా మెస్ నడుపుతున్నాను. కన్నడ మాట్లాడతాను గానీ రాయాలంటే చెయ్యి తిరగదు. అందుకే ఈ ఉత్తరం తెలుగులో.

అప్పడాలు, చేపల వేపుడు అయ్యాక మా బాణలిలో రోజుకు మూడు లీటర్ల నూనె మిగులుతుంది, నల్లగా, జిగటగా. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. మంచిదే. మరి దాన్నెక్కడ పొయ్యాలి? సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది.

పోయిన వేసవిలో కరెంటు కోతలప్పుడు నాకో తెలివి పుట్టింది. 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుశెనగ నూనెతో డీజిల్ ఇంజన్ నడిపి చూపించారట. వేరుశెనగ అంటే మా అనంతపురంవాళ్లకు కొత్తా! పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడగట్టి, మూడు లీటర్ల డీజిల్‌కు లీటరు నూనె చొప్పున కలిపి జెనరేటర్‌లో పోశాను. పొగగొట్టం దగ్గర పూరీల వాసన. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు పొద్దున ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు.

మెకానిక్ ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి, దాని మూతి నాజిల్ చూపించాడు. మా బాణలి అడుగున పట్టే మాడు లాంటిదే, గోటితో గీకినా రాలేదు. "నూనె డీజిల్ కంటే పదింతలు చిక్కన అన్నా. సన్నగా చిమ్మదు, సగం కాలి మసి కడుతుంది" అన్నాడు. పిస్టన్ రింగులూ పట్టేశాయి. పద్నాలుగు వేలు వదిలాయి. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి నూనెను తిన్నగా ఇంజన్‌లో పోయనివ్వమని నేను అడగను. మిథనాల్ కలిపి గ్లిజరిన్ విడదీస్తే అదే నూనె పలచబడి బయోడీజిల్ అవుతుంది. అది మెస్ వెనక గదిలో చేసే పని కాదు. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని కేంద్రం 2018లోనే లక్ష్యం పెట్టుకుంది. వాడిన నూనె సేకరణకు రూకో అని పథకమూ ఉంది. కానీ నేను ఫోన్ చేసిన సేకరణ కంపెనీ "రెండు వందల లీటర్లు ఉంటేనే బండి పంపుతాం" అంది. రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లే లెక్క రాయాలట. మా నూనెకు లెక్కా లేదు, బండీ లేదు.

వచ్చేది పాత మోపెడ్ మీద ఒకాయన. సబ్బుల తయారీకని చెప్పి రొక్కం ఇచ్చి పట్టుకెళ్తాడు. ఒక సాయంత్రం ఆయన డబ్బా ఒక బజ్జీల బండి కింద కనిపించింది. ఆకుపచ్చ పెయింట్ మరక ఉన్న ఆ డబ్బా నాకు బాగా గుర్తు. ఆ బండి చుట్టూ బడిపిల్లలు.

వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలు ఉన్నాయి కదా. అక్కడే ఒక డ్రమ్ము పెట్టించండి. తూకం వేసి, రసీదు రాసి, మోపెడ్ ఆయన ఇచ్చే ధరకు కాస్త అటూఇటూగా ఇచ్చినా చాలు. ఉచితంగా ఇమ్మంటే మాత్రం ఎవరూ రారు, నేను కూడా అనుమానమే.

ఆయన ఈ శుక్రవారం మళ్లీ వస్తాడు. నెల రోజులుగా లేదని పంపేస్తున్నాను. వెనక గదిలో ఇప్పటికి ఆరు టిన్నులు అయ్యాయి.

ఇట్లు,
ఒక మెస్ యజమాని,
మారతహళ్లి, బెంగళూరు