బాలల కొలతల తరగతి: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. సంఘం చేపట్టిన మిగతా పనుల వివరం జమాఖర్చుల పట్టికతో పాటు ఉంది. ఈ పుట 4 నుంచి 7 ఏళ్ల పిల్లల ఆదివారం తరగతికే. స్కేలు, కిలో, లీటరు మాట ఎత్తకుండా ముందు పోల్చడమే నేర్పాం.

రెండు రిబ్బన్లు పక్కపక్కన పెడితే పిల్లలు ఒక కొసనే చూస్తారు, రెండో కొస ఎక్కడుందో పట్టించుకోరు. అందుకని రెండింటినీ గోడకు ఆనించి పరిపించాం. తర్వాత జానలతో బల్ల కొలిపించాం. ఒకే బల్ల ఒకరికి 9 జానలు, ఇంకొకరికి 11. కొంత చేతి తేడా, కొంత జానకీ జానకీ మధ్య వదిలిన సందు. వేలి కొసన సుద్దముక్కతో గీత పెట్టిస్తే సందు పోతుంది. చేతి తేడాను మాత్రం సరిదిద్దవద్దు. అందరికీ ఒకే పుల్ల కావాలని వాళ్ల నోటే రావాలి.

తూకానికే ఎక్కువ ఓపిక పట్టింది. ప్లాస్టిక్ హ్యాంగరు, ఒకే రకం పెరుగు డబ్బాలు రెండు, ఒక్కో డబ్బాకు సమానమైన దారాలు మూడు: ఇదే తక్కెడ. హ్యాంగరు కొసల్లో గాట్లు పెట్టకపోతే దారాలు జారి ఒక పక్కకు మొగ్గుతుంది. ఖాళీ తక్కెడ సమంగా నిలవకపోతే తేలిక డబ్బా అడుగున టేపు ముక్క అంటించాలి. ఇంత చేశాక కూడా చాలామంది "పైకి లేచిందే ఎక్కువ" అంటారు, వాళ్లకు పైన ఉన్నదే పెద్దది కదా! కాబట్టి ముందు చేతులతో మోయించండి: ఒక డబ్బా నిండా ఇసుక, ఇంకోదాని నిండా మరమరాలు. ఏ చెయ్యి కిందికి లాగుతోందో తెలిశాక తక్కెడ దానంతటదే అర్థమవుతుంది. పెద్దదే బరువన్న అపోహా అక్కడే పోతుంది.

నీళ్లు సన్నటి గ్లాసులోంచి వెడల్పు గిన్నెలోకి వంపితే తగ్గాయంటారు. ఈ వయసుకు అది సహజమని, పిల్లల ఆలోచనా తీరును పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో చెప్పాడు. వాదించకుండా మళ్లీ గ్లాసులోకే వంపించాలి. బియ్యానికి గిద్ద, సోల వాడాం. 4 గిద్దలు ఒక సోల. ఈ లెక్క మూడున్నరకో 5కో తేలిందంటే గిద్ద గోపురంగా నింపారనో, సోలను కుదిపారనో అర్థం. పుల్లతో అంచు వెంట చదును చేయిస్తే సరిపోతుంది.

వచ్చే ఏడాదికి ఇంకా నాలుగు సోలలు కావాలి. అటక మీద పాత ఇత్తడివి ఉంటే కార్యదర్శికి ఇవ్వగలరు. సొట్టపడినవి వద్దు, నాలుగు గిద్దలు పట్టవు.