గోదామును దెయ్యాల కొంప అంటారా?

సంపాదకుడు గారికి,

మొన్నామధ్య మీ జిల్లా పేజీలో కాకినాడ ఉప్పుటేరు ఒడ్డున పాడుబడ్డ గోదాము ఫొటో వేసి, కింద ‘దెయ్యాల కొంప’ అని రాశారు. చూడగానే ఒళ్లు మండింది. నాలుగు రోజులు ఆగినా కోపం తగ్గక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇసుక మేటలు వేసి, 1839 తుపాను దెబ్బ కూడా తిన్న కోరంగి రేవు చితికిపోయాక ఓడలు మన వైపు మళ్లాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కాలువల మీద సరుకు పడవలు ఇక్కడిదాకా వచ్చేవి. 1861–65లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండు మిల్లులు మన పత్తికి ఎగబడ్డాయి. కాకినాడ దశ తిరిగింది అప్పుడే. ఇక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకంతా ఏటిలోంచి నావల మీద వెళ్లాలి. ఓడ వచ్చేదాకా బస్తా తడవకూడదు. అందుకే ఏటి ఒడ్డున గోదాములు కట్టారు. ఆ బస్తాలు మోసిన జట్టు కూలీలు, నావలు నడిపిన కళాసీల గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

తర్వాత రైలు వచ్చింది, లారీలు వచ్చాయి, కాలువ పడవలకు పని పోయింది. 1997లో డీప్ వాటర్ పోర్టు మొదలై చాలా ఓడలు నేరుగా ఒడ్డునున్న బెర్తుకే వస్తున్నాయి. గోదాము ఖాళీ అయిందంటే కారణం ఇదీ.

ఇప్పుడు కూల్చేస్తారని వింటున్నాం. ఆ స్థలం ఎవరిదని అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంటుంది. కొత్తగా బస్ షెల్టర్ కట్టినా నాయకుల పేర్లతో శిలాఫలకం పెడతారే, ఇంత చరిత్ర ఉన్న గోడకు చిన్న బోర్డు పెట్టడానికి చేతులు రావా? ఏటిలోకి మురుగు వదులుతుంటే పట్టించుకోరు, ప్లాస్టిక్ తీయించరు. పన్ను మాత్రం తేదీ దాటితే ఊరుకోరు.

నిలబెట్టడం నిజంగా కుదరకపోతే, కనీసం కూల్చేముందు కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి, పాత రికార్డులు భద్రం చేయాలి. మీరు కూడా విలేకరిని మళ్లీ పంపండి. అక్కడ పనిచేసిన జట్టు మేస్త్రీలు, కళాసీలు ఇంకా కొందరున్నారు, అందరూ ముసలివాళ్లయ్యారు. వాళ్లు చెప్పింది అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి.

— ఒక పాఠకుడు, జగన్నాథపురం, కాకినాడ