భూమి వాయిదా, ఎన్నికలు వాయిదా, యుద్ధం మాత్రం కాదు

సంపాదకులకు నమస్కారం.

రష్యా అక్టోబర్ విప్లవంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. లెనిన్ పట్టుదల గురించి, ట్రాట్‌స్కీ ఎత్తుగడల గురించి చక్కగా రాశారు. అధికారం పోగొట్టుకున్నవాళ్ల గురించి మాత్రం ఒక్క పేరా కూడా లేదు. డిగ్రీ పిల్లలకు ఏళ్లపాటు ఈ పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను. (తేదీలన్నీ పాత రష్యన్ క్యాలెండర్ ప్రకారం.)

రాజధాని పెట్రోగ్రాడ్‌లో 1917 జులై అల్లర్ల తర్వాత లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కుల పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. లెనిన్ అజ్ఞాతంలోకి వెళ్లాడు, ట్రాట్‌స్కీ జైలుపాలయ్యాడు. అక్టోబర్ చివరికల్లా వాళ్లదే ప్రభుత్వం! ఇది ఒక్క ప్రతిభతో అయ్యే పనేనా?

భూమి సంగతి రాజ్యాంగ సభ వచ్చాక చూద్దామంది జార్ పతనం తర్వాత ఏర్పడ్డ తాత్కాలిక ప్రభుత్వం. ఆ సభ ఎన్నికలను సెప్టెంబర్ నుంచి నవంబర్‌కు జరిపింది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని మాత్రం ఆపలేదు. జూన్‌లో యుద్ధ మంత్రి కెరెన్‌స్కీ చేయించిన దాడి ఘోరంగా విఫలమైంది. సైనికుల్లో ఎక్కువమంది రైతుబిడ్డలే. ఊళ్లో భూములు పంచుకుంటున్నారని వింటే ఎవరు ఆగుతారు?

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది విక్టర్ చెర్నోవ్ ఉదంతం. రైతుల్లో బలమున్న సోషలిస్ట్ రివల్యూషనరీ పార్టీ నాయకుడాయన, మే నెలలో వ్యవసాయ మంత్రి కూడా అయ్యాడు. భూస్వాముల భూమి రైతులకు దక్కాలన్నది ఆ పార్టీ మొదటి నుంచీ చెబుతున్న మాటే. అయినా మంత్రివర్గంలో తన మాట నెగ్గించుకోలేక చివరికి బయటికొచ్చాడు. అక్టోబర్ 26 రాత్రి లెనిన్ చదివిన భూమి డిక్రీకి (శాసనానికి) ఆధారం ఆ పార్టీ వాళ్లు కూర్చిన రైతుల కోర్కెల పత్రమే. ఇది వాళ్లు రాసింది కదా అని సోవియట్ల (కార్మిక, సైనిక ప్రతినిధుల మండళ్ల) మహాసభలో కొందరు అరిస్తే, అయితే ఏమిటన్నాడు లెనిన్. మంత్రిగా ఉండి చెర్నోవ్ నెలల తరబడి చేయలేనిది, ఆయన పార్టీ కాగితంతోనే లెనిన్ ఒక్క రాత్రిలో చేసేశాడు.

ఇక అప్పటికి ప్రధాని అయిన కెరెన్‌స్కీ. ఆగస్టులో సేనాని కోర్నిలోవ్ రాజధాని మీదికి దళాలను పంపితే, దిక్కుతోచక సోవియట్‌ను ఆశ్రయించాడు. రైల్వే కార్మికులు రైళ్లు ఆపేయడంతో ఆ దళాలు రాలేకపోయాయి. కానీ ఆ హడావుడిలో రెడ్ గార్డుల (సాయుధ కార్మిక దళాల) చేతికొచ్చిన తుపాకులు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. సైన్యాధికారులకు కూడా ఆయన మీద నమ్మకం పోయింది.

బోల్షివిక్కుల తిరుగుబాటు రహస్యమేమీ కాదు. వారం ముందే, అక్టోబర్ 18న, ఆ పార్టీ నాయకుడే అయిన కామెనెవ్ అది వద్దంటూ పత్రికకెక్కాడు. అంత తెలిసీ 24న ప్రభుత్వం చేయగలిగింది రెండు బోల్షివిక్ పత్రికలను మూయించడం, నది మీద వంతెనలు ఎత్తించడం. తమను యుద్ధానికి పంపేస్తారన్న భయంతో నగరంలోని సైనికులు ఎప్పుడో సోవియట్ వైపు తిరిగారు. మంత్రులు కొలువున్న వింటర్ ప్యాలెస్‌కు మిగిలిన కాపలా సైనిక పాఠశాల కుర్రాళ్లు, ఒక మహిళా దళం, కొందరు కొసాక్కులు (గుర్రపు సైనికులు).

లెనిన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వెనకాడుతున్న సొంత పార్టీని ముందుకు నెట్టింది ఆయనే. అయితే నవంబర్ ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ ఓట్లు చెర్నోవ్ పార్టీకే వచ్చాయి, బోల్షివిక్కులకు దాదాపు నాలుగో వంతు. అవే ఎన్నికలు అనుకున్నట్టు సెప్టెంబర్‌లో జరిగుంటే, అక్టోబర్‌లో లెనిన్ కూలదోయాల్సింది జనం ఎన్నుకున్న సభను. అప్పుడు పెట్రోగ్రాడ్ సైనికులు ఎటు నిలిచేవారన్నది వ్యాసకర్త వేసుకోవాల్సిన ప్రశ్న.

– ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్